గ్లైకాల్ నుంచి స్టైరీన్ దాకా: కర్బన సమ్మేళనాల పేర్లు ఎలా చదవాలి

క్లుప్తంగా: కర్బన సమ్మేళనం పేరులో రెండు రకాల సమాచారం ఉంటుంది. అందులో ఏ ప్రమేయ సమూహం, అంటే ఏ ఫంక్షనల్ గ్రూప్ (అణువు ఎలా ప్రవర్తించాలో నిర్ణయించే పరమాణువుల గుంపు) ఉందో ఒక ముక్క చెబుతుంది. ఆ గ్రూప్ ఎంత పొడవున్న కార్బన్ గొలుసు మీద, ఎన్నో కార్బన్ దగ్గర ఉందో మిగతా ముక్కలు చెబుతాయి. మొదటిదాన్ని చూసి పదార్థం పైకి ఎలా ప్రవర్తిస్తుందో చెప్పొచ్చు కానీ, ఒంట్లోకి వెళ్లాక ఏమవుతుందో తేలాలంటే రెండోది కూడా చూడాలి. వాడుక పేర్లలో ఈ రెండూ సరిగా కనిపించవు, అయోమయం చాలావరకు అక్కడే మొదలవుతోంది.

2025 సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో మధ్యప్రదేశ్‌లోని ఛింద్వాడా ప్రాంతంలో దగ్గు సిరప్ తాగిన చిన్నపిల్లలు 20 మందికి పైగా కిడ్నీలు దెబ్బతిని చనిపోయారు. తమిళనాడు ప్రభుత్వ ల్యాబ్ పరీక్షలో ఆ సిరప్‌లో డైఇథిలీన్ గ్లైకాల్ 48 శాతానికి పైగా ఉన్నట్టు తేలింది. అనుమతించిన హద్దు 0.1 శాతం. ఆ రోజుల్లో టీవీల్లో, పేపర్లలో ప్రొపిలీన్ గ్లైకాల్, ఇథిలీన్ గ్లైకాల్, డైఇథిలీన్ గ్లైకాల్, పాలీఇథిలీన్ గ్లైకాల్ అనే పేర్లు ఒకదాని మీద ఒకటి వచ్చి పడ్డాయి. వీటిలో మొదటిది మందుల్లో మామూలుగా వాడే ద్రావణి, రెండోది కారు రేడియేటర్‌లో పోసే కూలెంట్, మూడోది ఆ పిల్లల ప్రాణం తీసిన విషం, నాలుగోది మలబద్ధకానికి డాక్టర్లు రాసే మందు. గ్లైకాల్ అన్నదల్లా విషమేనా అని జనం అడగడంలో తప్పేమీ లేదు. దానికి జవాబు పదో తరగతి కార్బన్ పాఠంలోనే చాలావరకు ఉంది, కాకపోతే ఆ పాఠాన్ని ఎక్కువమంది బట్టీ పట్టి వదిలేస్తారు.

ఏ ముక్క ఏం చెబుతుంది

పాతకాలంలో పదార్థం ఎక్కడ దొరికితే ఆ పేరు పెట్టేవారు. చీమల నుంచి తీశారు కాబట్టి ఫార్మిక్ ఆమ్లం, వెనిగర్‌లో ఉంది కాబట్టి ఎసిటిక్ ఆమ్లం, ముక్కిపోయిన వెన్నలో దొరికింది కాబట్టి బ్యూటిరిక్ ఆమ్లం. పేరును బట్టి పుట్టిన చోటు తెలుస్తుంది కానీ లోపలి నిర్మాణం తెలియదు. పంతొమ్మిదో శతాబ్దంలో ల్యాబుల్లో కొత్త పదార్థాలు కుప్పలుగా తయారవుతుంటే ఈ పద్ధతి సాగలేదు. 1892లో జెనీవాలో జరిగిన సమావేశంలో నిర్మాణాన్ని బట్టి పేరు పెట్టే పద్ధతికి పునాది పడింది. 1919లో ఏర్పడిన ఐయూపీఏసీ అనే అంతర్జాతీయ సంస్థ అప్పటి నుంచి ఆ నియమాలను సవరిస్తూ వస్తోంది.

పేరు కట్టే తీరు ఇలా ఉంటుంది. గొలుసులో ఒక కార్బన్ ఉంటే మిథ్, రెండుంటే ఇథ్, మూడుంటే ప్రొప్, నాలుగుంటే బ్యూట్, అయిదు నుంచి పెంట్, హెక్స్, హెప్ట్ అంటూ అంకెల పేర్లే. కార్బన్ల మధ్య అన్నీ ఏకబంధాలైతే ఏన్, ద్విబంధం ఉంటే ఈన్, త్రిబంధం ఉంటే ఐన్. చివర్లో ఫంక్షనల్ గ్రూప్ గుర్తు వస్తుంది: ఆల్కహాల్‌కు ఆల్, కీటోన్‌కు ఓన్, కార్బాక్సిలిక్ ఆమ్లానికి ఓయిక్ ఆమ్లం. ప్రధాన గొలుసు నుంచి పక్కకు వేలాడే కొమ్మలు పేరు ముందు వస్తాయి, అవి ఎక్కడున్నాయో నెంబర్లు చెబుతాయి.

పిల్లలు పేరును ఎడమ నుంచి మొదలుపెట్టి కట్టాలని చూస్తారు, చిక్కు అక్కడ వస్తుంది. పేరు రాయడానికి ముందు చివరి ముక్క ఏదో తేలాలి, అది తేలాలంటే ఫంక్షనల్ గ్రూప్‌ను గుర్తుపట్టాలి. అది తప్పితే గొలుసు ఎంపికా, నెంబర్లూ అన్నీ తప్పుతాయి.

పక్కన ఏముందో చూడకుండా గ్రూప్ పేరు చెప్పకూడదు

ఎక్కువ పొరపాట్లు జరిగేది సీ=ఓ దగ్గర. కార్బన్‌కు ఆక్సిజన్ ద్విబంధంతో అతుక్కుని కనిపించగానే కీటోన్ అని రాసేస్తారు. నిజానికి ఈ సీ=ఓ ఆరేడు కుటుంబాల్లో ఉమ్మడిగా ఉంటుంది, ఆ కార్బన్‌కు మిగిలిన రెండు చేతుల్లో ఏముందో చూస్తే తప్ప అది ఏ కుటుంబమో తేలదు. రెండు వైపులా కార్బన్లే ఉంటే కీటోన్. ఒక వైపు హైడ్రోజన్, మరో వైపు కార్బన్ గానీ హైడ్రోజన్ గానీ ఉంటే ఆల్డిహైడ్. ఒక వైపు ఓహెచ్ (ఆక్సిజన్, దానికి ఒక హైడ్రోజన్) ఉంటే కార్బాక్సిలిక్ ఆమ్లం, ఆక్సిజన్ ఉండి ఆ ఆక్సిజన్‌కు మళ్లీ కార్బన్ తగిలితే ఎస్టర్, నైట్రోజన్ ఉంటే ఎమైడ్, క్లోరిన్ ఉంటే ఆమ్ల క్లోరైడ్.

ఓహెచ్ విషయంలోనూ ఇంతే. మామూలు కార్బన్ గొలుసు మీద ఉంటే ఆల్కహాల్, ఆరు కార్బన్ల బెంజీన్ వలయానికి నేరుగా తగిలితే ఫినాల్, సీ=ఓ పక్కన ఉంటే ఆమ్లంలో భాగం. మూడింటిలోనూ ఉన్నది అదే ఓహెచ్, కానీ హైడ్రోజన్‌ను వదిలే తేలిక మాత్రం చాలా వేరు. దాన్ని కొలిచే పీకేఏ విలువ ఇథనాల్‌కు సుమారు 16, ఫినాల్‌కు సుమారు 10, ఎసిటిక్ ఆమ్లానికి 4.76. ఒక్క అంకె తగ్గితే ఆమ్ల బలం పది రెట్లు పెరిగినట్టు లెక్క, కాబట్టి ఇథనాల్‌కూ ఎసిటిక్ ఆమ్లానికీ మధ్య తేడా పది వేల కోట్ల రెట్లు దాటుతుంది. హైడ్రోజన్ వెళ్లిపోయాక మిగిలే రుణావేశాన్ని ఆమ్లంలో రెండు ఆక్సిజన్లు సమానంగా పంచుకుంటాయి, ఫినాల్‌లో వలయం కొంత మోస్తుంది, ఇథనాల్‌లో మోసేవాళ్లు లేరు. వంటసోడా వేస్తే వెనిగర్ నురగ కక్కడానికీ, ఇథనాల్ కదలకుండా ఉండడానికీ కారణం ఇదే.

ఇంట్లో ఉండే పారాసిటమాల్ దీనికి మంచి పరీక్ష. బెంజీన్ వలయానికి ఒక వైపు ఓహెచ్, దాని ఎదురు కొసన ఎన్‌హెచ్, ఆ ఎన్‌హెచ్‌కు సీ=ఓ, ఆ తర్వాత ఒక మిథైల్ (మూడు హైడ్రోజన్లున్న ఒక కార్బన్). గబగబా చూసినవాళ్లు ఆల్కహాల్, ఎమైన్ (పక్కన సీ=ఓ లేని నైట్రోజన్ గ్రూప్), కీటోన్ అని మూడు పేర్లు రాస్తారు, మూడూ తప్పే. అక్కడున్నవి రెండే గ్రూపులు: ఫినాల్, ఎమైడ్. ఫినాల్ కాబట్టే ఫెర్రిక్ క్లోరైడ్ వేస్తే నీలం, ఊదా కలిసిన రంగు వస్తుంది. నైట్రోజన్ ఉన్నా అది ఎమైన్‌లా క్షారంగా ప్రవర్తించదు, ఎందుకంటే నైట్రోజన్ దగ్గరున్న ఒంటరి ఎలక్ట్రాన్ జంటను పక్కనున్న సీ=ఓ తనవైపు లాగేసుకుంటుంది.

ఎమైన్‌కు ఆ అడ్డు ఉండదు. చేపల నీచు వాసనకు ముఖ్య కారణమైన ట్రైమిథైల్ ఎమైన్ క్షారం, అందుకే నిమ్మరసమో చింతపండు పులుసో తగిలితే లవణంగా మారిపోతుంది. లవణం గాలిలోకి లేవదు కాబట్టి వాసన తగ్గుతుంది. పులుసు లేకుండా చేపలు వండే ఇళ్లు మన దగ్గర తక్కువే, దాని వెనకున్న కెమిస్ట్రీ ఇది.

ఆస్పిరిన్‌లో ఒక కార్బాక్సిలిక్ ఆమ్లం, దాని పక్క కార్బన్ మీద ఒక ఎస్టర్ ఉంటాయి. ఎస్టర్లు తేమ తగిలితే మెల్లగా విడిపోతాయి. పాత ఆస్పిరిన్ సీసా మూత తీస్తే వెనిగర్ వాసన వచ్చేది అందుకే, ఎస్టర్ విడిపోయి ఎసిటిక్ ఆమ్లం పుట్టింది. ఫంక్షనల్ గ్రూప్ తెలిసినవాళ్లకు ఈ మాత్రను తేమ తగలకుండా ఎందుకు దాచమంటారో వేరే చెప్పనక్కర్లేదు.

రెండు గ్రూపులుంటే, నెంబర్లు ఎటు నుంచి

ఒకే అణువులో రెండు మూడు గ్రూపులు ఉన్నప్పుడు పేరు చివర్లో ఒకదానికే చోటు. దానికొక ప్రాధాన్య క్రమం ఉంది: కార్బాక్సిలిక్ ఆమ్లం అన్నిటికన్నా పైన, తర్వాత ఎస్టర్, ఎమైడ్, నైట్రైల్, ఆల్డిహైడ్, కీటోన్, ఆల్కహాల్, ఎమైన్ (పూర్తి జాబితా ఇంకా పొడవు). గెలిచినది చివర్లో ఉంటుంది, ఓడినవి పేరు ముందుకు వెళ్లి రూపం మార్చుకుంటాయి. ఆల్కహాల్ హైడ్రాక్సీ అవుతుంది, కీటోన్ ఆక్సో అవుతుంది, ఎమైన్ ఎమైనో అవుతుంది. పెరుగులోని లాక్టిక్ ఆమ్లానికి 2-హైడ్రాక్సీప్రొపనోయిక్ ఆమ్లం అనే పేరు అలా వచ్చింది. క్లోరో, బ్రోమో, నైట్రో లాంటివి ఈ పోటీలోనే ఉండవు, ఎప్పుడూ పేరు ముందే.

నెంబర్ల దగ్గర తరచూ జరిగే తప్పు ఒకటుంది. అయిదు కార్బన్ల గొలుసు, ఒక కొస నుంచి రెండో కార్బన్ మీద ఓహెచ్, మరో కొస నుంచి రెండో కార్బన్ మీద మిథైల్ అనుకుందాం. మిథైల్ వైపు నుంచి లెక్కపెట్టి 2-మిథైల్‌పెంటన్-4-ఆల్ అని రాసేవాళ్లు చాలామంది. కొమ్మకన్నా ప్రధాన గ్రూప్‌కే చిన్న నెంబర్ దక్కాలి కాబట్టి సరైన పేరు 4-మిథైల్‌పెంటన్-2-ఆల్. ఇదే పదార్థాన్ని ఖనిజాలను నురగతో వేరుచేసే ప్లాంట్లలో ఎంఐబీసీ అంటారు, పాత పుస్తకాల్లో మిథైల్ ఐసోబ్యూటైల్ కార్బినాల్ అని ఉంటుంది. మూడు పేర్లూ ఒకే ద్రవానివి.

నెంబర్ ఒకటి మారితే పదార్థమే మారిపోతుంది. ప్రొపన్-1-ఆల్ 97 డిగ్రీల దగ్గర మరుగుతుంది, ఆక్సీకరణం చెందితే చివరికి ప్రొపనోయిక్ ఆమ్లం ఇస్తుంది. శానిటైజర్‌లో వాడే ప్రొపన్-2-ఆల్ 82 డిగ్రీల దగ్గర మరుగుతుంది, ఆక్సీకరణంలో ఎసిటోన్ దగ్గర ఆగిపోతుంది. అణువులో ఉన్న కార్బన్లు, హైడ్రోజన్లు, ఆక్సిజన్ రెండింటిలో సమానమే.

నియమాలు మారడం కూడా గందరగోళానికి ఒక కారణం. ఐయూపీఏసీ 2013 సిఫార్సుల ప్రకారం ప్రధాన గొలుసును ఎంచుకునేటప్పుడు ద్విబంధం కన్నా పొడవుకే ముందు చోటు. పాత పద్ధతిలో 2-ఇథైల్‌పెంట్-1-ఈన్ అని రాసినదే కొత్త పద్ధతిలో 3-మిథిలిడీన్‌హెక్సేన్ అవుతుంది. అదే సిఫార్సుల్లో ఎసిటిక్ ఆమ్లం అనే పాత పేరుకే ఇథనోయిక్ ఆమ్లం కన్నా మొదటి స్థానం ఇచ్చారు. పుస్తకంలో ఒకటీ ఇంటర్నెట్‌లో ఇంకోటీ కనిపిస్తే రెండూ సరైనవే అయ్యుండొచ్చు. పరీక్ష రాసేవాళ్లు మాత్రం తమ సిలబస్ పుస్తకం ఏ పద్ధతిలో ఉంటే దానికే కట్టుబడడం మేలు.

తెలుగు మీడియం పిల్లలకు అదనంగా రెండు ఇబ్బందులున్నాయి, వీటి గురించి మాట్లాడేవాళ్లు తక్కువ. కొమ్మల పేర్లను అక్షర క్రమంలో రాయాలి అన్న నియమం ఇంగ్లిష్ అక్షరాలకు వర్తిస్తుంది. తెలుగు వరుసలో క ముందు, బ తర్వాత కాబట్టి క్లోరో ముందు రాయాలనిపిస్తుంది, సరైన పేరేమో 1-బ్రోమో-2-క్లోరోఈథేన్. రెండోది ఇంకా చికాకు పెట్టేది: ఆల్కహాల్ అంతమూ, ఆల్డిహైడ్ అంతమూ తెలుగులో రాస్తే రెండూ ఇథనాల్ అనే వచ్చే ప్రమాదం ఉంది. పేపర్లలో ఇథనాల్ ఫ్యాక్టరీ అన్నప్పుడు అది ఆల్కహాల్. ఈ వ్యాసంలో ఆల్డిహైడ్‌ను ఇథనల్ అని పొట్టిగా రాస్తున్నాం.

పేరు చూసి మోసపోయే సందర్భాలు

వాడుక పేర్ల మీద ఈ నియమాలను గుడ్డిగా ప్రయోగిస్తే పప్పులో కాలేసినట్టే. పాలిథీన్ పేరులో ఈన్ ఉంది కానీ ఆ కవర్‌లో ద్విబంధాలు లేవు, చిన్న అణువులు గొలుసుగా కలిసి పాలిమర్ తయారయ్యేటప్పుడే అవి ఖర్చయిపోయాయి. ఇథిలీన్ గ్లైకాల్‌లోనూ ద్విబంధం లేదు. విటమిన్ సీని ఆస్కార్బిక్ ఆమ్లం అంటారు, అందులో కార్బాక్సిలిక్ ఆమ్లాల సీఓఓహెచ్ గ్రూపే లేదు, దాని పులుపు ద్విబంధం మీదున్న ఓహెచ్ వల్ల వచ్చింది. పిక్రిక్ ఆమ్లం కూడా అసలుకు ఒక ఫినాలే. బెంజీన్ చివర ఈన్ ఉన్నా అది ఆల్కీన్‌లా (ద్విబంధం ఉన్న గొలుసులా) బ్రోమిన్ నీటి రంగు పోగొట్టదు.

గ్లైకాళ్ల సంగతి

ఇప్పుడు సిరప్ దగ్గరికి వద్దాం. గ్లైకాల్ అంటే రెండు ఓహెచ్‌లున్న ఆల్కహాల్. ఓహెచ్‌లు ఎక్కువైతే అణువులు ఒకదాన్నొకటి హైడ్రోజన్ బంధాలతో పట్టుకుంటాయి, అందుకే ద్రవం చిక్కగా ఉంటుంది, నీళ్లలో ఎంతైనా కలుస్తుంది, నాలుకకు తియ్యగా తగులుతుంది. నీళ్లలో సరిగా కరగని పారాసిటమాల్ లాంటి మందును సిరప్‌గా చేయడానికి ఇలాంటి ద్రావణి కావాలి. ప్రొపిలీన్ గ్లైకాల్, గ్లిసరాల్ ఆ పని చేస్తాయి. ఇబ్బంది ఏమిటంటే డైఇథిలీన్ గ్లైకాల్ కూడా ఆ పని అంతే బాగా చేస్తుంది, చూపుకూ రుచికీ తేడా తెలియదు, పైగా చవక. గ్రూప్ ఒకటే కాబట్టి పైకి లక్షణాలు ఒకటే, కల్తీ సాగడానికి ఇదే దారి.

తేడా ఒంట్లోకి వెళ్లాక బయటపడుతుంది. లివర్‌లోని ఎంజైములు కొసన ఉన్న ఓహెచ్‌ను ముందు ఆల్డిహైడ్‌గా, తర్వాత ఆమ్లంగా మారుస్తాయి. ప్రొపిలీన్ గ్లైకాల్ అసలు పేరు ప్రొపేన్-1,2-డైఆల్. ఒకటో నెంబర్ దగ్గరున్నది ఆమ్లంగా మారితే మిగిలేది 2-హైడ్రాక్సీప్రొపనోయిక్ ఆమ్లం, అంటే మన కండరాల్లో రోజూ పుట్టే లాక్టిక్ ఆమ్లమే. దాన్ని ఏం చేయాలో శరీరానికి తెలుసు. ఇథిలీన్ గ్లైకాల్ అంటే ఈథేన్-1,2-డైఆల్, దాని ఓహెచ్‌లు రెండూ కొసల్లోనే ఉన్నాయి, రెండూ ఆమ్లాలైతే ఆక్సాలిక్ ఆమ్లం వస్తుంది, అది కాల్షియంతో కలిసి కిడ్నీల్లో స్ఫటికాలుగా పేరుకుంటుంది. డైఇథిలీన్ గ్లైకాల్ అంటే రెండు ఇథిలీన్ గ్లైకాళ్ల మధ్య నుంచి ఒక నీటి అణువు పోయి, ఆక్సిజన్ వంతెనతో అతుక్కున్న అణువు. ఆ వంతెన ఈథర్ గ్రూప్. ఈథర్లు అంత తేలిగ్గా తెగవు, అందుకని వంతెన అలాగే ఉండి కొసలు మాత్రం ఆమ్లాలుగా మారి డైగ్లైకాలిక్ ఆమ్లం పుడుతుంది. కిడ్నీ నాళికల కణాలను చంపేది ముఖ్యంగా ఇదే.

ఇది కొత్త ప్రమాదం కూడా కాదు. 1937లో అమెరికాలో సల్ఫానిలమైడ్ అనే మందును ఇదే ద్రావణిలో కరిగించి అమ్మితే 100 మందికి పైగా చనిపోయారు, మరుసటి ఏడాది అక్కడ కొత్త ఆహార, ఔషధ చట్టం వచ్చింది. 1986లో ముంబైలోని ఒక ప్రభుత్వ ఆస్పత్రిలో కల్తీ గ్లిసరాల్ వల్ల 14 మంది పోయారు. 2022లో గాంబియాలో సుమారు 70 మంది పిల్లలు. డ్రమ్ము మీద లేబుల్ ఏదైనా, లోపలి ద్రవాన్ని గ్యాస్ క్రొమటోగ్రఫీతో (అందులోని పదార్థాలను విడదీసి చూపే పద్ధతితో) పరీక్షిస్తే ఇది దొరికిపోతుంది. ఇన్నేళ్ల తర్వాత కూడా ఆ పరీక్ష చేయకుండా ద్రావణి సిరప్‌లోకి వెళ్లడం క్షమించరాని విషయం.

కల్తీ సారా మరణాల్లోనూ ఇదే లెక్క. 2024 జూన్‌లో తమిళనాడులోని కళ్లకురిచ్చిలో 60 మందికి పైగా చనిపోయింది మిథనాల్ వల్ల. ఇథనాల్ ఒంట్లో ఇథనల్‌గా, తర్వాత ఎసిటిక్ ఆమ్లంగా మారుతుంది. ఒక కార్బన్ తక్కువున్న మిథనాల్ ఫార్మాల్డిహైడ్‌గా, తర్వాత ఫార్మిక్ ఆమ్లంగా మారి కంటి నరాన్ని దెబ్బతీస్తుంది. రెండింటి మీదా పనిచేసే ఎంజైమ్ ఒకటే కాబట్టి ఆ ఎంజైమ్‌ను అడ్డుకునే ఫోమెపిజోల్ అనే మందును, అది దొరకని చోట ఇథనాల్‌నే ఆస్పత్రిలో విరుగుడుగా ఇస్తారు.

విశాఖ, భీమవరం

2020 మే 7న విశాఖపట్నం ఆర్‌ఆర్ వెంకటాపురంలో ఫ్యాక్టరీ ట్యాంకు నుంచి లీకై 12 మంది ప్రాణాలు తీసిన స్టైరీన్‌కు నిర్మాణం ప్రకారం పేరు ఇథినైల్ బెంజీన్. ఇథైల్ బెంజీన్ అని ఇంకో పదార్థం ఉంది, తేడా ఒక ద్విబంధం. ఇథైల్ బెంజీన్ ట్యాంకులో నెలల తరబడి ఉన్నా తనంతట తాను పాలిమర్ అవదు. స్టైరీన్‌లో ఆ ద్విబంధం తెరుచుకుని పక్క అణువుతో, అది ఇంకోదానితో కలుస్తూ పోతుంది, కలిసిన ప్రతిసారీ వేడి పుడుతుంది, వేడి పెరిగితే చర్య ఇంకా వేగమవుతుంది. అందుకే దాన్ని చల్లగా ఉంచాలి, చర్యను ఆపే రసాయనం తగినంత కలుపుతూ ఉండాలి. స్టైరీన్ అన్న పేరులో ఈ హెచ్చరిక అంతగా కనిపించదు, ఇథినైల్ అన్న ముక్కలో స్పష్టంగా ఉంది.

గ్రూప్ మారితే మేలు జరిగిన కథ భీమవరంలో పుట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావు గారిది. అమెరికాలోని లెడర్లీ ల్యాబ్‌లో ఆయన బృందం 1940లలో ఫోలిక్ ఆమ్లాన్ని సంశ్లేషించింది, దానికి దగ్గరి రూపాలనూ తయారుచేసింది. ఫోలిక్ ఆమ్లంలో నాలుగో స్థానంలో ఉన్న ఆక్సిజన్ గ్రూప్‌ను తీసి ఎమైనో గ్రూప్ పెడితే వచ్చింది ఎమైనోప్టెరిన్. ఆకారం దాదాపు అదే కాబట్టి ఫోలిక్ ఆమ్లం కోసం ఉన్న ఎంజైమ్‌లో ఇది ఇరుక్కుంటుంది, ఇరుక్కున్నాక సులువుగా వదలదు, దాంతో వేగంగా పెరిగే కణాలకు డీఎన్ఏ తయారీ ఆగిపోతుంది. 1948లో బోస్టన్ వైద్యుడు సిడ్నీ ఫార్బర్ లుకేమియా ఉన్న పిల్లల్లో దీనితో తాత్కాలికంగా వ్యాధి తగ్గినట్టు ప్రకటించారు. దీనికే ఒక మిథైల్ అదనంగా చేర్చినది మెథోట్రెక్సేట్, ఇప్పుడు తక్కువ మోతాదులో కీళ్లవాతానికి కూడా ఇస్తున్నారు. ఆ మాత్ర వాడేవాళ్లకు డాక్టర్ ఫోలిక్ ఆమ్లం కూడా రాస్తే, ఒకదానికొకటి పడని ఈ రెండు మందులూ ఎందుకని కంగారు పడనక్కర్లేదు. మెథోట్రెక్సేట్ వల్ల వచ్చే నోటి పుండ్లు, వికారం లాంటి ఇబ్బందులు తగ్గించడానికే రెండోది రాస్తారు, డాక్టర్ చెప్పిన రోజుల్లో చెప్పినట్టే వేసుకోవాలి.